ఆపరేషన్ గదిలో నవ్వుల టేపు ఎందుకు ఆగింది?

లక్సెట్టిపేటకూ అమెరికా టెలివిజనుకూ ఏం సంబంధమని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే! గోదావరి ఒడ్డు ఊరు మాది. సినిమా అంటే మాకు టాకీసులో పడే బొమ్మ, లేదా పెళ్ళిళ్ళ సీజనులో అద్దెకు తెచ్చుకునే వీడియో క్యాసెట్టు. ఆ క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం నాదే కాబట్టి ఊళ్ళో ఎవరి అభిరుచి ఏమిటో నాకు కంఠతా వచ్చు. ఇంగ్లీషు క్యాసెట్టు కావాలని వచ్చేవాడు ముందు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగేవాడు. ఎందుకో వేరే చెప్పనక్కర లేదనుకుంటాను.

1995 ప్రాంతంలో మా వీధికి కేబుల్ వచ్చింది. నా దుకాణానికి దెబ్బ తగిలింది గాని, ఇంట్లో మాత్రం బొమ్మల పండగ. స్టార్ వాళ్ళ ఇంగ్లీషు చానెల్లో ఒక రాత్రి 'మ్యాష్' అనే సీరియల్ కనబడింది. కొండల మీదుగా రెండు హెలికాప్టర్లు వస్తాయి. వాటి పక్కల కట్టిన స్ట్రెచర్ల మీద గాయపడ్డ సైనికులు. నర్సులు, డాక్టర్లు గాలికి వంగి పరుగెత్తుతారు. అది చూసి నేను చానెల్ మార్చబోయాను. యుద్ధం సినిమా అనుకున్నాను మరి.

"ఉండనియ్యిరా," అన్నాడు మా బాపు.

మా బాపు గురించి కొంచెం చెప్పాలి. ఊళ్ళో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర కాంపౌండరు. అంతకు ముందు సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటు. 1962లో చైనా యుద్ధం అయ్యాక సైన్యంలో జోరుగా భర్తీ జరిగిన రోజుల్లో వెళ్ళి చేరాడు. లక్నోలో ట్రైనింగు. 1971 యుద్ధంలో తూర్పు వైపు ఒక ఫీల్డ్ అంబులెన్సులో పని చేశాడు. ఫీల్డ్ అంబులెన్సు అనగానే ఊళ్ళో అందరూ ఆయన బండి నడిపాడనుకునేవారు. అది బండి కాదు, సైన్యం వెంట కదిలే వైద్యుల దళం పేరు. బాపు నాలుగైదేళ్ళు ఓపికగా విడమరచి చెప్పి, ఆఖరికి "ఔ, బండే నడిపిన" అనడం మొదలుపెట్టాడు.

ఆయన దగ్గర యుద్ధం కథలుండేవి. కాని ఒక్క దాంట్లోనూ యుద్ధం ఉండేది కాదు! అన్నీ నవ్వులే. ఉప్పు అనుకొని టీలో ఇంకేదో కలిపిన వంటవాడు, గుడారంలో దూరిన గాడిద, హిందీ రాని మన తెలుగు జవాను సెలవు అడగబోయి శిక్ష అడిగిన వైనం... మా అమ్మ విని విని, "యుద్ధానికి పోయినవా, గూడెం జాతరకు పోయినవా?" అనేది. నాకు వయసు వచ్చేకొద్దీ ఒక అనుమానం పట్టుకుంది. ఈయన అసలు ముందు వరసకు వెళ్ళనే లేదేమో, ఎక్కడో వెనక గోదాములో దూది లెక్క పెడుతూ కూర్చున్నాడేమో అని. పైకి అనలేదు. అనకపోయినా అలాంటివి తండ్రికి తెలుస్తాయి కాబోలు.

సరే, మ్యాష్ సంగతి. కథ కొరియా యుద్ధం నాటిది. అంటే 1950 నుంచి 1953 దాకా. సంచార సైనిక శస్త్రచికిత్స ఆస్పత్రి అనే మాటకు ఇంగ్లీషులో పొడి అక్షరాలే ఆ పేరు. అలాంటి ఆస్పత్రిలో నిజంగా పని చేసిన హార్న్‌బెర్గర్ అనే సర్జను, రిచర్డ్ హుకర్ అన్న కలం పేరుతో 1968లో నవల వేశాడు. 1970లో రాబర్ట్ ఆల్ట్‌మన్ దాన్ని సినిమా తీశాడు. సినిమా ఘన విజయం సాధించడంతో సి.బి.ఎస్. టెలివిజన్ వాళ్ళు 1972 సెప్టెంబరు 17న సీరియల్‌గా మొదలుపెట్టారు. మూడేళ్ళ యుద్ధాన్ని పదకొండేళ్ళు చూపించారంటే ఆదరణ ఎలాంటిదో ఊహించుకోండి! పైగా అది మొదలైన నాటికి అమెరికా వియత్నాంలో కూరుకుపోయి ఉంది. పేరు కొరియాది, బాధ వియత్నాంది. చూసేవాళ్ళకు ఆ సంగతి విడిగా చెప్పవలసిన పని లేకపోయింది.

ప్రధాన పాత్ర డాక్టర్ హాకై పియర్స్. వేసినవాడు అలన్ ఆల్డా. పొడుగ్గా, సన్నగా, నోటి నిండా పరాచికాలతో ఉంటాడు. అధికారులంటే ఖాతరు లేదు. గుడారంలోనే సారా కాచుకుంటాడు. అది చూసి మా బాపు మొదటిసారి పకాలుమన్నాడు. "గుడుంబ బట్టి పెట్టిన్రురా డాక్టర్లు!" అని. ఇంకొక పాత్ర క్లింగర్. తనకు పిచ్చి అని ఇంటికి పంపేస్తారన్న ఆశతో ఆడవాళ్ళ గౌన్లు, టోపీలు వేసుకొని కాపలా కాస్తుంటాడు. ఆ వేషం వేసిన జేమీ ఫార్ నిజజీవితంలో సైన్యంలో చేసి కొరియాలో ఉండి వచ్చినవాడే. "మన ఒగ్గు కథల ఆడేషం కట్టినట్టే ఉన్నది," అని బాపు తీర్పు. లొరెట్టా స్విట్ వేసిన నర్సుల అధికారిణి మార్గరెట్ తెర మీదికి వస్తే మాత్రం సర్దుకొని కూర్చునేవాడు. "గసొంటి మేట్రన్ ఒకామె ఉండె మాకు" అనేవాడు. అంతకు మించి వివరం రాలేదు, అమ్మ పక్కనే ఉండేది కనక.

బాపుకు ఇంగ్లీషు రాదు. సైన్యం హిందీ వచ్చు. అందుకని నేను పక్కన కూర్చొని తెలుగు చెప్పాలి. డిగ్రీ చదివాను కదా అని ధైర్యంగానే దిగాను గాని, ఆ హాకై మాట్లాడే వేగానికి నా డిగ్రీ చాల్లేదు. నేను ఒక జోకు విప్పి చెప్పేలోపు అవతల మూడు జోకులు వెళ్ళిపోయేవి. విప్పి చెప్పిన జోకు ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొట్టు తీసిన ఉల్లిగడ్డలా చివరికి ఏమీ మిగలదు. అయినా బాపు నవ్వేవాడు. ఆ సీరియల్లో మాట మాటకూ వెనక జనం నవ్వినట్టు టేపు వేస్తారు. ఆ నవ్వుతో పాటు నవ్వేసేవాడు.

"నీకేం సమజైందని నవ్వుతున్నవు బాపూ?"

"వాళ్ళు నవ్వుతున్రు గదా. నాకు ఇచ్చంత్రమెందుకు?"

ఇక్కడే నేను గమనించిన ఒక వింత చెప్పాలి. జోకులు వచ్చినప్పుడు నా మొహం వైపు తిరిగి చూసే మనిషి, ఆపరేషన్ గది దృశ్యం రాగానే నన్ను చూడటం మానేసేవాడు. నేను తెలుగు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. క్లాంప్, స్పాంజి, సక్షన్, ప్లాస్మా... అవన్నీ ఆయన చేతిలో పుట్టి పెరిగిన మాటలు. ఎవడి కడుపులో ఏం తీస్తున్నారో, ఎవడికి రక్తం చాలడం లేదో నాకంటే ముందు ఆయనే చెప్పేవాడు. హాస్యానికి దుబాసీ కావలసి వచ్చింది గాని, నెత్తుటికి అక్కరలేదు.

నాలుగైదు వారాలు గడిచాక ఒక రాత్రి ఉన్నట్టుండి అడిగాడు. "ఒరే, ఈ గదిలకు రాంగనే నవ్వు బందయితది. చూసినవా?"

చూడలేదు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి, వీడియో వ్యాపారం చేసినవాణ్ణి, సినిమాల గురించి నలుగురికి చెప్పేవాణ్ణి... నేను చూడలేదు! ఆ తరవాత చెవి పెట్టి విన్నాను. నిజమే. గుడారంలో జోకు వేస్తే జనం నవ్వుతారు. భోజనాల దగ్గర వేస్తే నవ్వుతారు. అదే డాక్టరు అలాంటి జోకే ఆపరేషన్ బల్ల దగ్గర వేస్తే... నిశ్శబ్దం. పనిముట్ల చప్పుడు తప్ప మరేమీ ఉండదు.

దీని వెనక కథ చాలా ఏళ్ళ తరవాత చదివాను. సీరియల్ రూపకర్త లారీ గెల్బార్ట్‌కూ, నిర్మాత జీన్ రెనాల్డ్స్‌కూ ఆ నవ్వుల టేపు అసలు ఇష్టం లేదు. హాస్యం అన్నాక నవ్వులు ఉండి తీరాలని సి.బి.ఎస్. వాళ్ళు పట్టుబట్టారు. ఆఖరికి రాజీ కుదిరింది, ఆపరేషన్ గదిలో మాత్రం నవ్వులు వేయకూడదని. బ్రిటన్‌లో బి.బి.సి. వాళ్ళు మొత్తం టేపే తీసేసి ప్రసారం చేశారట. అక్కడ నిర్మాతలు పోరాడి సాధించిన సంగతిని ఇక్కడ ఒక్క ఇంగ్లీషు వాక్యం రాని కాంపౌండరు చెవితో పట్టుకున్నాడు. సి.బి.ఎస్. వారికి ఈ కబురు ఎవరైనా చేరవేస్తే బాగుండేది!

మన సినిమాల్లో హాస్యానికి వేరే వంట, వేరే వడ్డన. రేలంగి, రమణారెడ్డి, తరవాత పద్మనాభం, రాజబాబు, అల్లు రామలింగయ్య... మహానుభావులు, వాళ్ళను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కాని కథానాయకుడి కష్టం ఒక గదిలో, వీళ్ళ నవ్వు ఇంకో గదిలో. మధ్యలో తలుపు వేసి ఉండేది. డాక్టరు పాత్ర అంటే 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి'లో నాగేశ్వరరావు గారిలా గుండెలు పిండాలి. లేదా కళ్ళజోడు తీసి, ఇరవై నాలుగు గంటలు గడిస్తే గాని ఏమీ చెప్పలేమని వెళ్ళిపోవాలి. కాంపౌండరు వస్తే సూది పట్టుకొని నవ్వించి పోవాలి. మా బాపు ఆ కాంపౌండర్లను చూసి బాగానే నవ్వేవాడు గాని, మర్నాడు దవాఖానలో కుర్రాళ్ళు ఆ డైలాగులతో ఏడిపిస్తే ఊరుకునేవాడు కాదు. ఆస్పత్రిలో నవ్వునూ చావునూ ఒకే మంచం మీద కూర్చోబెట్టిన తెలుగు సినిమా ఏదంటే, నా మటుకు నాకు 2004లో వచ్చిన 'శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్.' తడుతుంది. అదీ హిందీ నుంచి తెచ్చుకున్నదే.

అన్నట్టు, కొరియాలో మన వాళ్ళూ ఉన్నారు. నేను చూసినన్ని మ్యాష్ భాగాల్లో వాళ్ళ ఊసు కనబడలేదు గాని, బాపు నోట మాత్రం వచ్చింది. 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్సు. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 1950 నవంబరులో కొరియాలో దిగింది. మన దేశం అక్కడికి తుపాకులు పంపలేదు, డాక్టర్లను పంపింది. వైద్యదళంలో చేసినవాళ్ళందరికీ ఆ కథ తాతల ఆస్తి లాంటిది. లక్నోలో ట్రైనింగు నాడే విన్నానని బాపు చెప్పేవాడు.

వాళ్ళు వెళ్ళిన కొద్ది రోజులకే చైనా సైన్యం విరుచుకుపడింది. ప్యాంగ్యాంగ్ నుంచి అందరూ వెనక్కి పోవాలని ఆజ్ఞ. సామాను మొయ్యడానికి బండ్లు లేవు, వదిలేసి రమ్మన్నారు. మందులు, పనిముట్లు వదిలేస్తే ఇక డాక్టర్లు ఎందుకు? స్టేషనులో ఒక పాత బొగ్గు ఇంజను పడి ఉంది. ఇంజను పని తెలిసిన జవాన్లు ఇద్దరు ముగ్గురు దళంలోనే దొరికారు. మిగతావాళ్ళు వరసగా నిలబడి బకెట్లతో నీళ్ళు అందించి బాయిలరు నింపారు. సామానంతా ఎక్కించి, వంతెన పేల్చేసే లోపు నది దాటించారు! బాపు ఇది చెప్పేటప్పుడు మంచిర్యాల స్టేషనులో ఇంజను నీళ్ళు పట్టుకోవడం చూపించినట్టే చేతులు తిప్పేవాడు. "బొగ్గు సంగతి మనోళ్ళకు చెప్పాల్నా?" అని సింగరేణి వైపు ఒక చూపు. తరవాత 1951 మార్చి 23న మున్సాన్-ని దగ్గర అమెరికన్ పారాచూట్ సైనికులతో పాటు మన వాళ్ళు పన్నెండు మంది విమానంలోంచి దూకి, దిగిన చోటే ఆపరేషన్లు చేశారు. రంగరాజ్‌కు మహావీర్ చక్ర వచ్చింది. దళం 1954లో గాని తిరిగి రాలేదు. ఆ ఇంజను దృశ్యం ఒక్కటి చాలు సినిమాకి! రెండో ప్రపంచ యుద్ధంలో తెలుగువాణ్ణి పెట్టి 2015లో 'కంచె' తీసిన క్రిష్ లాంటి వారెవరైనా పట్టించుకుంటే బాగుండునని నా ఆశ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఒక రాత్రి హెన్రీ బ్లేక్ భాగం వేశారు. అమెరికాలో 1975 మార్చి 18న మొదట ప్రసారమైనది. బ్లేక్ ఆ ఆస్పత్రి పెద్ద. మెత్తని మనిషి, కాస్త తికమక మనిషి. ఆయనకు ఇంటికి పొమ్మని ఆర్డరు వస్తుంది. భాగమంతా వీడ్కోలు, విందులు, కౌగిలింతలు. నవ్వుల టేపు ఆగకుండా మోగింది. ఆయన హెలికాప్టర్ ఎక్కి వెళ్ళిపోయాడు. అయిపోయిందనుకొని నేను మంచినీళ్ళకు లేచాను. అప్పుడు ఆపరేషన్ గది. రాడార్ అనే గుమాస్తా కుర్రాడు లోపలికి వచ్చాడు. మూతికి గుడ్డ కట్టుకోలేదని ఎవరో కసిరారు. వాడు చేతిలో కాగితం చూసి చెప్పాడు. బ్లేక్ ఎక్కిన విమానాన్ని జపాన్ సముద్రం మీద కూల్చేశారు. ఎవరూ మిగల్లేదు.

ఆఖరి పేజీని నటులకు ముందు చూపించలేదట. తీయబోయే ముందు చెప్పారట. ప్రసారమయ్యాక, హాస్యం సీరియల్లో ఇలా చంపుతారా అని ప్రేక్షకులు కోపంగా ఉత్తరాలు గుప్పించారట. ఇవి తరవాత తెలిసినవి. ఆ రాత్రి మాత్రం నేను చెంబు పట్టుకొని అలాగే నిలబడిపోయాను. గదిలో ఎక్కడో ఒక పనిముట్టు కింద పడ్డ చప్పుడు. అంతే.

"సమజైందా బాపూ? గా పెద్దాయన..."

"సమజైంది," అన్నాడు. కొంచెం ఆగి, "చేతులు ఆపలే, చూసినవా?" అన్నాడు.

నేను మొహాలు చూశాను. ఆయన చేతులు చూశాడు. కళ్ళు తడుస్తున్నాయి, చేతులు మాత్రం బల్ల మీద పని చేస్తూనే ఉన్నాయి.

అమ్మ నిద్రపోయింది. బాపు టీవీ కట్టేయమన్నాడు. చీకట్లో అలాగే కూర్చొని, "బూట్ల కథ యాదున్నదా?" అన్నాడు.

యాదుండకేం! మా ఇంట్లో అది హిట్టు కథ. నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పించుకున్నానో లెక్క లేదు. 1971 డిసెంబరు. ఫీల్డ్ అంబులెన్సు గుడారం, లాంతరు వెలుగు, బయట మంచు. ఒక పంజాబీ జవాను స్ట్రెచరు మీద పడుకొని తన కొత్త బూట్లు ఏవని గొడవ. బాపు బయటికి వెళ్ళి బూట్ల కుప్పలోంచి ఒకటి తెస్తాడు. "ఇది నాది కాదురా గాడిదా!" రెండోది తెస్తాడు. చిన్నది. "ఇది నీ పెండ్లానిదా?" అని తిట్లు. బాపు ఆ పంజాబీ తిట్లు గొంతు మార్చి తిట్టేవాడు. మూడోది తెస్తాడు. చూస్తే అది డాక్టరుసాబుది! అటు బల్ల దగ్గర డాక్టరుసాబు ఒక్క బూటుతో నిలబడి ఉంటాడు. అక్కడ మేం పిల్లలం పొర్లి పొర్లి నవ్వేవాళ్ళం.

"వానికి కాళ్ళు లేవురా," అన్నాడు బాపు. "మోకాళ్ళ కిందికి రెండూ లేవు. వానికి తెల్వది."

నేను మాట్లాడలేదు.

"బల్ల మీద ఒకడున్నడు. ఇంకిద్దరు ముందున్నరు. వీడు నిద్రపోతే పోతడు. డాక్టరుసాబు తలకాయ ఎత్తకుంటనే అన్నడు, వాణ్ణి తిట్టనియ్యి, తిట్టినంతసేపు ఉంటడు అని. అందుకని బూట్లు మోసిన. మూడోది నేను తేలే. ఆయననే ఒక కాలు బూటు ఇడిసి, కాలుతోనే నా దిక్కు తోసిండు. ఇది చూపెట్టు, ఇంకా తిడతడు అన్నడు. వాడు తిట్టిండు. మస్తు తిట్టిండు. గుడారంల అందరం నవ్వినం. వాడు సుత నవ్విండు."

"మరి?"

"నాలుగోది తెచ్చేసరికి తిట్టలే."

బయట ఎవరిదో స్కూటరు వెళ్ళింది. బాపు లేచి, కుండలో నీళ్ళు ముంచుకొని తాగి పడుకున్నాడు. దూది గోదాము గురించి నేను పైకి అననందుకు ఆ రాత్రి దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళు విన్న కథ అది. మూడు బూట్లకు తెర దించేసేవాడు. నాలుగో బూటు ఉందని మాకు అనుమానమైనా రాలేదు.

మ్యాష్ ఆఖరి భాగాన్ని బాపు చూడలేదు. అది 1983 ఫిబ్రవరి 28న రెండున్నర గంటల పాటు ప్రసారమైంది. పది కోట్ల మందికి పైగా చూశారని లెక్క. మా కేబులు వాడు అప్పటికి ప్యాకేజీ మార్చి ఆ చానెలు ఎత్తేశాడు. నేను మాత్రం చాలా కాలానికి, బాపు పోయిన తరవాత, సీడీల మీద చూశాను. అందులో హాకైకి మతి చలిస్తుంది. ఒక బస్సులో అందరూ దాక్కున్నప్పుడు శత్రువులకు వినబడకుండా ఒక కొరియా స్త్రీ తన కోడి గొంతు నొక్కేసిందని మనస్తత్వ వైద్యుడికి చెబుతాడు. వైద్యుడు మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. చివరికి హాకై నోట నిజం బయట పడుతుంది. అది కోడి కాదు. పసిబిడ్డ. ఆ సీను దగ్గర సీడీ ఆపి వాకిట్లోకి వెళ్ళి కూర్చున్నాను. మా ఆవిడ ఏమైందని అడిగింది. బూట్లు అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. ఆవిడకు తెలిసింది మూడు బూట్ల కథే.

ఎందుకంటే, ఆ రాత్రి తరవాత కూడా బాపు కథ మార్చలేదు. నా పిల్లలు పెద్దవాళ్ళయ్యి, "తాతా, బూట్ల కథ" అని మీద పడితే, అవే తిట్లు, అదే గొంతు. నేను పక్కనే కూర్చొని వినేవాణ్ణి. మూడో బూటు దగ్గర పిల్లలు పొర్లి నవ్వుతుంటే నేనూ నవ్వేవాణ్ణి. ఆయన ఒకసారి నా వైపు చూసేవాడు. చిన్నది ఒక్కతే ఎప్పుడూ అడిగేది:

"తర్వాత ఏమైంది తాతా?"

"తర్వాతేముంది బిడ్డా," అనేవాడు బాపు. "తెల్లారింది."